అహింసా పట్టు చీర రివ్యూ: పట్టుచిలుక బతికింది సరే, గుడ్ల సంగతేంటి?

గుడ్డు కూడా గడప దాటనివ్వని ఇళ్లలో పెళ్లికీ, వ్రతానికీ, మడికీ కట్టేది పట్టే. ఆ పట్టు కోసం గూట్లో ఉన్న ప్యూపాను, అంటే రెక్కల చిలుకగా మారబోయే పురుగును, బతికుండగానే వేడిగాలికో, ఆవిరికో, మరిగే నీళ్లకో వదిలేస్తారు. మాంసం మానడానికి ఆచారమో, ఆరోగ్యమో, రుచి పడకపోవడమో కారణమైతే ఇందులో పేచీ ఏమీ లేదు. ప్రాణం తీయకూడదన్నదే కారణమైతే మాత్రం నోటికో న్యాయం, ఒంటికో న్యాయం ఎలా కుదురుతుందని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. దానికి జవాబుగా ‘అహింసా పట్టు’, ‘పీస్ సిల్క్’ పేర్లతో చీరలూ, శాలువాలూ, తాన్ల బట్టా దొరుకుతున్నాయి. మామూలు పట్టు కన్నా ఖరీదు ఎక్కువ. ఆ ఎక్కువ డబ్బుకు బట్ట ఎలా ఉంటుంది, పేరులో ఉన్న మాట ఎంతవరకు నిలబడుతుంది అన్నవి రెండూ చూడాలి. నా మట్టుకు రెండోదే ముఖ్యం, ఎందుకంటే కొనేవాళ్లు డబ్బు పెట్టేది ఆ మాట మీదే.

ఈ చర్చ కొత్తదేం కాదు. పట్టు కలిపిన కంబళి చేయించుకోకూడదని బౌద్ధ భిక్షువుల వినయ నియమాల్లోనే ఉంది. కొందరు భిక్షువులు పట్టు తీసేవాళ్ల దగ్గరికి వెళ్లి, పురుగుల్ని ఎక్కువగా ఉడకబెట్టి తమకూ కాస్త పట్టు ఇమ్మని అడిగారట. పెళ్లాం బిడ్డల్ని పోషించుకోవడానికి ఇన్ని చిన్న ప్రాణాలు తీయాల్సి రావడమే తమ దౌర్భాగ్యమని ఆ పనివాళ్లు వాపోయారట. నియమం అక్కడ పుట్టింది. మనుస్మృతి అయిదో అధ్యాయం చంపినవాడితో ఆగదు. అనుమతించినవాణ్ని, కోసినవాణ్ని, కొన్నవాణ్ని, అమ్మినవాణ్ని, వండినవాణ్ని, వడ్డించినవాణ్ని, తిన్నవాణ్ని అందరినీ ఘాతకుల లెక్కలోనే వేస్తుంది. అదే అధ్యాయం యజ్ఞంలో చంపడానికి మినహాయింపు ఇస్తుందన్నదీ నిజమే. అయినా కొనేవాడికి బాధ్యత లేదన్న వాదన మన దగ్గర ఎప్పుడూ గట్టిగా నిలబడలేదు. అందుకే ఈ చీరను చంపిన చేతి వైపు నుంచి కాక, కొన్న చేతి వైపు నుంచి చూడాలి.

ముందు లెక్క సరిచేసుకుందాం. ఒక చీరకు పది వేల పురుగులనీ, యాభై వేలనీ రకరకాల అంకెలు తిరుగుతుంటాయి. అంత ఉండదు. బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాలు వచ్చే జాతి) గూడు ఒక్కోటి సుమారు 1.8 గ్రాములు తూగుతుంది, అంటే కిలోకు 550 దాకా. కిలో ముడి పట్టుకు ఇలాంటి గూళ్లు ఆరున్నర కిలోలు కావాలి. సంకరజాతి గూళ్లు చిన్నవి కాబట్టి ఏడున్నర, ఎనిమిది కిలోలు పడతాయి. ఎలా చూసినా కిలో ముడి పట్టుకు 3,500 నుంచి 5,500 గూళ్లు. పోగు మీది జిగురు తీసేటప్పుడు బరువులో నాలుగో వంతు పోతుంది. కాబట్టి జరీ కాకుండా అరకిలో పట్టు ఉన్న చీర వెనక 2,300 నుంచి 3,600 ప్రాణాలు ఉంటాయి. మూడు వేలు అనుకుందాం. అంకె పెంచి చెబితే వాదన గట్టిపడదు. ఒకరు లెక్క కట్టి చూపించిన రోజున మొత్తం మాటకే విలువ పోతుంది. మూడు వేలు ఏం తక్కువ?

ఈ పట్టుకు తెలుగు నేలతో నేరుగా సంబంధం ఉంది. ఆర్. వెంకటరామన్ రాష్ట్రపతిగా ఉన్న కాలంలో ఆయన భార్య జానకీ వెంకటరామన్, పురుగుల్ని చంపకుండా నేసిన పట్టు చీర దొరుకుతుందా అని ఆప్కోలో అడిగారు. చేనేత సహకార సంస్థలో పనిచేస్తున్న కుసుమ రాజయ్య ఆ ప్రశ్నను పట్టుకుని ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. చిలుక బయటికి వెళ్లిపోయాక మిగిలిన గూళ్లతో నూలు వడికించి, అహింసా పట్టు పేరుతో పేటెంట్ కూడా తీసుకున్నారు. అడిగినవాళ్లకు లేదని చెప్పి పంపేయకుండా ఒక దారి వెతికినందుకు ఆయన పనికి గౌరవం దక్కాలి. ఇప్పుడు ఆ మాటను ఎవరు పడితే వాళ్లు వాడుతున్నారు, చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

తయారీ ఇలా సాగుతుంది. పురుగు పాతిక రోజులకు పైగా మల్బరీ ఆకు తిని, నాలుగుసార్లు పొర విడిచి, గూడు కట్టడానికి పెట్టే చంద్రిక అనే తట్టలోకి ఎక్కి రెండు మూడు రోజుల్లో గూడు కడుతుంది. మామూలు పట్టులో రైతు గూళ్లు ఏరి నాలుగైదు రోజుల్లో మార్కెట్టుకు తోలేస్తాడు, గూటి పోగును విప్పి చుట్టే రీలింగ్ యూనిట్‌లో ప్యూపా చస్తుంది. అహింసా పద్ధతిలో గూళ్లను తట్టల్లో పలచగా పరిచి మరో వారం పది రోజులు వదిలేస్తారు. లోపల చిలుక తయారై, నోటి నుంచి కొకూనేజ్ అనే ఎంజైము ఊరించి, గూటి కొసన జిగురు మెత్తబరిచి, పోగుల్ని పక్కకు నెట్టుకుంటూ బయటికి వస్తుంది. రాగానే గోధుమరంగు ద్రవం విడుస్తుంది, గూటి మీద ఆ మరకలు పడతాయి. ఒకే పోగుగా వెయ్యి మీటర్ల దాకా రావాల్సిన దారానికి ఇక కొస దొరకదు. అందుకని రీలింగ్ కుదరదు, పత్తిలాగా ఏకి వడకాల్సిందే.

బట్ట నాణ్యత తేలిపోయేది ఇక్కడే. కిలో గూళ్లకు 20 నుంచి 25 లీటర్ల నీళ్లు, 200 నుంచి 250 గ్రాముల సబ్బు వేసి, తెర్లు రాకముందు వేడిలో గంట, గంటంబావు ఉంచి జిగురు తీస్తారు. తొందరపడి సోడా ఎక్కువేస్తే పోగు చచ్చుబడి మెరుపు పోతుంది, చీర ఏడాది తిరక్కుండానే మడతల దగ్గర పిగులుతుంది. తక్కువ ఉడికితే జిగురు గడ్డలు మిగిలిపోతాయి. అద్దకంలో ఆ గడ్డలు రంగు పీల్చవు. చీరను కిటికీ వెలుగుకు అడ్డం పట్టి చూస్తే ఆవగింజంత గట్టి చుక్కలు చుట్టూ ఉన్న బట్ట కన్నా లేతగా కనబడతాయి. గోటితో గీస్తే గరుగ్గా తగులుతాయి. వడికిన నూలులో సన్నం, లావు సహజం, దాన్ని లోపం అనుకోవద్దు. గట్టి చుక్కలు మాత్రం లోపమే, అలాంటి చీర తీసుకోవద్దు.

ఇక గుడ్ల సంగతి. గూటి పెంకు బరువు 0.35 గ్రాముల చుట్టూ ఉంటుంది. జిగురు పోయి, ఏకడంలో పొట్టి పోగులు పోయి చేతికొచ్చేది అందులో సగం పైచిలుకు. కాబట్టి అహింసా చీరకూ గూళ్లు మూడు వేల దరిదాపుల్లోనే కావాలి. అందులో సగం ఆడవి. ఒక్కో ఆడ చిలుక 400 నుంచి 500 గుడ్లు పెడుతుంది. అంటే ఒక్క చీర వెనక ఆరు లక్షలకు పైగా గుడ్లు. వాటన్నిటినీ పెంచాలంటే పది పన్నెండు టన్నుల ఆకు కావాలి, ఏడాదికి 20 టన్నులు ఇచ్చే ఎకరం తోటలో సగం ఆ ఒక్క చీర పిల్లలకే పోతుంది. మళ్లీ వాటి పిల్లల మాటేమిటి? ఎవరూ పెంచరు, పెంచలేరు. పది రోజుల్లో పొదిగే జాతి అయితే పిల్ల పురుగులు పుట్టి ఆకు లేక మాడిపోతాయి. నిద్రావస్థలోకి వెళ్లే జాతి అయితే గుడ్లను చెత్తలో పారేస్తారు, లేదా కాల్చేస్తారు. లేబుల్ మీద ఎగురుతున్న సీతాకోకచిలుక బొమ్మ ఉంటుంది. మల్బరీ పట్టుచిలుక వేల ఏళ్ల పెంపకంలో ఎగరడం మరిచిపోయింది, దానికి తినే నోరు కూడా లేదు. కొద్ది రోజులు తట్టలోనే తిరిగి చచ్చిపోతుంది.

అసలు విత్తనం దగ్గరికి వెళ్తే ఇంకొకటి ఉంది. రైతు కొనే రోగరహిత గుడ్లు గ్రెయినేజీలనే గుడ్ల తయారీ కేంద్రాల నుంచి వస్తాయి. పెబ్రిన్ రోగం తల్లి నుంచి పిల్లలకు వస్తుంది కాబట్టి, గుడ్లు పెట్టాక తల్లి చిలుకను నూరి మైక్రోస్కోపు కింద చూస్తారు. పాశ్చర్ 1860లలో ఫ్రాన్సులో పట్టు రైతుల కోసం స్థిరపరిచిన పద్ధతి ఇది, నేటికీ ఇదే ఆధారం. మగ చిలుకల్ని చల్లని పెట్టెలో దాచి రెండోసారి జతకట్టించి, తర్వాత పారేస్తారు. అహింసా పట్టు పెంచే రైతు కూడా ఈ గుడ్లే తెచ్చుకుంటాడు. మూడు వేల గూళ్లకు ఏడెనిమిది తల్లులు అనుకోండి. గ్రెయినేజీల్లో మిగిలిన చిల్లు గూళ్లు కొని వడికించి అమ్మే అహింసా పట్టు కూడా ఉంది. అందులో తల్లులన్నీ నూరినవే.

అయితే ఇది అసలు తేడాయే లేని వస్తువా అంటే, నేను అలా అనను. తత్వవేత్త పీటర్ సింగర్ పద్ధతిలో బాధను తూచితే ప్రశ్న ఇలా ఉంటుంది: గూట్లో మరిగిన మూడు వేల ప్యూపాలకు బాధ తెలుస్తుందా? గుడ్డుకు తెలుస్తుందా? కీటకానికి బాధ ఎంతవరకు తెలుస్తుందన్నది ఇంకా తేలని విషయం. కానీ అప్పుడే పెట్టిన గుడ్డుకు తెలిసే అవకాశం ప్యూపా కన్నా చాలా తక్కువ. గుడ్లను పొదగకముందే తీసేసే చోట ఆ లెక్కన చీరకు మూడు వేల చావులు ఏడెనిమిదికి పడిపోయినట్టే, అది చిన్న విషయం కాదు. పిల్లలు పుట్టి ఆకలితో చచ్చే చోట మాత్రం లక్షల్లోకి పెరిగినట్టు. జంతువుల హక్కుల గురించి రాసిన మరో తత్వవేత్త టామ్ రీగన్ వాదన ప్రధానంగా ఏడాది నిండిన క్షీరదాల చుట్టూ కట్టింది, పట్టుపురుగు దగ్గరికి అది సూటిగా రాదు. జైన దర్శనం దగ్గర సందిగ్ధమే లేదు: సీతాకోకచిలుక జాతి నాలుగు ఇంద్రియాల జీవి, దాన్ని కావాలని చంపడం సంకల్ప హింస, గృహస్థుడికీ కూడనిది. అక్కడ గుడ్డుకూ మినహాయింపు దొరకదు.

పాలు తాగే శాకాహారి ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. పాలివ్వని మగదూడ, గుడ్డు పెట్టని మగ కోడిపిల్ల, జతకట్టాక అక్కరలేని మగ చిలుక, ఈ మూడింటి స్థితీ ఒకటే. జంతువు నుంచి ఏదైనా తీసుకునే ప్రతి పనిలోనూ మనకు పనికిరాని పుట్టుకలు పుడతాయి. అహింస అని రాసిన సరుకు ఏదైనా తీసేటప్పుడు చంపలేదన్న మాటే చెబుతుంది. పుట్టినవాటిని ఏం చేశారన్నది మనమే అడగాలి. శాకాహార చర్చల్లో ఎక్కువమంది పక్కన పెట్టేసే ప్రశ్న ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

దీనికి దారి లేకపోలేదు. గూటి రంగును బట్టి ఆడా మగా తెలిసిపోయే జాతులున్నాయి, ఆడవి పసుపు గూడు కడితే మగవి తెల్ల గూడు కడతాయి. చిలుకలు రాకముందే రెండింటినీ వేరే గదుల్లో పరిస్తే జతకట్టడం ఉండదు, పొదిగే గుడ్లూ ఉండవు. గూళ్లు ఒకసారి వేరుచేసే కూలీ తప్ప పెద్ద ఖర్చు కాదు. నిజంగా ఆ మాట నిలబెట్టుకోవాలనుకునే తయారీదారు చేయదగిన పని ఇది. దుకాణంలో అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే: ఆడా మగా వేరు చేస్తారా, లేకపోతే గుడ్లను ఎన్నో రోజున తీసేస్తారు? సూటిగా జవాబు చెప్పగలిగినవాళ్లకు తయారీ మీద పట్టు ఉన్నట్టు. ‘మా పురుగులు ఎగిరిపోతాయండీ’ అన్నారంటే వాళ్లు ఆ షెడ్డు ఎప్పుడూ చూడలేదు.

రెండో సరుకు ఎరి. అస్సాం, మేఘాలయలలో ఆముదం ఆకు మీద పెరిగే పురుగు. దాని గూటికి ఒక కొస సహజంగానే తెరిచి ఉంటుంది, పోగు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. అంటే చంపినా చంపకపోయినా దాన్ని వడకాల్సిందే, చంపడం వల్ల నూలుకు ఒరిగేది ఏమీ లేదు. ఇదే ఎరికి ఉన్న అసలు బలం. కానీ ‘ఎరి అంటేనే అహింస’ అన్న ప్రచారం నమ్మొద్దు. అక్కడి చాలా సముదాయాలకు ఎరి ప్యూపా ఇష్టమైన తిండి, పట్టు దానితో పాటు వచ్చేది. గూటిని విప్పి ప్యూపాను తీసి వండుకుంటారు. వాళ్ల తిండిని తప్పు పట్టే పని మనకు లేదు, శాకాహారినని అహింస పేరు చూసి కొనేవాళ్లు మాత్రం ఈ సంగతి తెలిసి కొనాలి. చిలుక వెళ్లాకే గూళ్లు తీసుకునే సంఘాల ఎరి వేరు. దాన్ని అడిగి తీసుకోవాలి. పెట్టే గుడ్ల ప్రశ్న ఎరికీ వర్తిస్తుంది.

దుకాణంలో పరీక్ష ఇలా చేయండి. కొంగు కుచ్చుల్లోంచి ఒక పడుగు పోగు, బ్లౌజు ముక్క కొసన ఒక పేక పోగు లాగించుకోండి. రెండు వేళ్ల మధ్య పట్టి పురి విప్పుతూ మెల్లగా లాగండి. వడికిన నూలైతే పొట్టి పోగులు ఒకదాన్నొకటి జారి దూదిలా విడిపోతాయి. రీలింగ్ పట్టయితే పోగులు సాపుగా, పక్కపక్కనే నిలిచి, లాగినా జారకుండా చివరికి తెగుతాయి. పేక వడికిన నూలై, పడుగు రీలింగ్ పట్టయితే ఆ చీర సగం అహింసే. ఇది చాలా ఎక్కువగా కనబడే సంగతి. వడికిన నూలును పడుగులో వేస్తే మగ్గం మీద పన్నె రాపిడికి నూగు లేచి, పోగులు తెగి, నేత నెమ్మదిస్తుంది. అందుకే పేకలో వడికిన పట్టు వేసే మట్కా బట్టలో పడుగుకు మామూలు పట్టే వేస్తారు. దాన్ని మట్కా అని అమ్మితే తప్పు లేదు, అహింసా పట్టు అని అమ్మితే తప్పు.

ఈ పరీక్షకూ ఒక హద్దు ఉంది. రీలింగ్‌లో మిగిలిన వ్యర్థాన్ని ఏకినప్పుడు రాలే పొట్టి పోగులతో వడికిన నాయిల్ పట్టు కూడా ఇలాగే పొట్టి పోగులుగా విడిపోతుంది, దానిలో ప్యూపా చచ్చినట్టే. నాయిల్‌లో పోగులు మరీ పొట్టివి, బట్ట మీద చిన్న చిన్న నూగు ఉండలు ఎక్కువ. పట్టుకుంటే పొడిగా నూలు బట్టలా ఉంటుంది. కాల్చి చూస్తే వెంట్రుక కాలిన వాసన, నలిపితే పొడయ్యే బూడిద వస్తాయి, అది పాలియెస్టర్ కాదని మాత్రమే చెబుతుంది. సిల్క్ మార్క్ కూడా అంతే: అసలు పట్టు అనడానికి హామీ, పురుగు ఏమైందన్న దానికి కాదు. చేనేత ముద్ర మగ్గానికి హామీ. గాట్స్ ముద్ర సేంద్రియ నూలుకు, రసాయనాల అదుపుకు. ఇవి మూడూ ఉన్నంత మాత్రాన అహింస అనుకోకండి. గూళ్లు ఏ ఊరివో, చిల్లు గూళ్లుగా కొన్న రసీదు ఉందో లేదో అడగడం తప్ప వేరే దారి లేదు.

కట్టుకోవడానికి ఎలా ఉంటుందంటే, ధర్మవరం చీర మెరుపు ఆశించి కొంటే నిరాశే. మల్బరీ అహింసా పట్టు మెత్తగా, మెరుపు లోపలికి వెళ్లినట్టు ఉంటుంది. కుచ్చిళ్లు బాగా నిలబడవు కానీ భుజం మీంచి కొంగు చక్కగా జారుతుంది. ముదురు రంగులు, నీలి, మద్దిచెక్క రంగు లాంటివి దీని మీద లోతుగా పడతాయి. లేత రంగుల్లో చిలుక మరకల ఛాయ ఒక్కోసారి మిగులుతుంది. బరువు జరీ అంచు వద్దు: వడికిన ఒళ్లు సాగుతుంది, జరీ సాగదు, నాలుగు కట్లకే అంచు దగ్గర ముడతలు పడతాయి. సన్నని అంచు, లేదా జరీ లేని గళ్ల చీర మేలు. బ్లౌజు ముక్కను కుట్టించే ముందు తడిపి నీడన ఆరబెట్టాలి, లేకపోతే మొదటి ఉతుకులో బిగిసిపోతుంది. చంకల కింద కుట్టు ఒరుసుకుని పోగు జారుతుంది కాబట్టి లైనింగ్ తప్పదు. కుంకుడు రసంలో అయిదు నిమిషాలకు మించి నానబెట్టొద్దు, పిండొద్దు, రుద్దితే నూగు లేస్తుంది. ఎరి మందం, వెచ్చదనం ఎక్కువ. శాలువాగా, చలికాలం చీరగా అద్భుతం, ఎండాకాలం పెళ్లికి కట్టుకుని కూర్చోలేరు.

నూలు చీర కట్టుకోవచ్చు కదా అని అడిగేవాళ్లది మంచి ప్రశ్న. పత్తి చేలో గులాబీ రంగు పురుగుకు కొట్టే మందుల్లో చచ్చే ప్రాణాల మాటేమిటని ఎదురు ప్రశ్న వస్తుంది, అదీ న్యాయమైనదే. తేడా ఏమిటంటే పత్తికి పురుగు చావు అవసరం లేదు, మందు లేకుండా పండించిన పత్తి అదే పత్తి. మామూలు పట్టుకు ఆ చావే మెరుపు ఇస్తుంది. కాబట్టి ప్రాణం తీయకూడదన్నదే నియమంగా పెట్టుకున్నవాళ్లకు మందు లేని పత్తితో నేసిన మంగళగిరి, వెంకటగిరి రకం నూలు చీర మొదటి సిఫారసు. పట్టే కావాలంటే, చిలుక వెళ్లాక తీసిన గూళ్లని చెప్పగలిగే సంఘం నుంచి ఎరి, పడుగూ పేకా రెండూ వడికినవే. మూడోది, ఆడా మగా వేరు చేసే తయారీదారు దొరికితే మల్బరీ అహింసా పట్టు. ఆ ప్రశ్నకు జవాబు రాని చోట అహింస పేరు కోసం ఎక్కువ డబ్బు ఇవ్వకండి. బీరువాలో ఇప్పటికే ఉన్న పాత పట్టు చీరలు పారేయాల్సిన పని లేదు, వాటిని కట్టుకున్నందువల్ల కొత్తగా ఒక్క గూడు కూడా ఉడకదు.